ఇంటి చదువు: కొత్త జాబితాకు ముందు పాత నోటుపుస్తకాలు

సంపాదకులకు,

నమస్కారం. పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న కుటుంబాల గురించి పత్రికల్లో అప్పుడప్పుడు వ్యాసాలు వస్తుంటాయి. అవి ఆసక్తిగానే ఉంటాయి గానీ, చాలావరకు బడి ఎందుకు మాన్పించారన్న దగ్గరే ఆగిపోతాయి. ఒక ఏడాది గడిచాక ఆ తల్లిదండ్రులు ఏం బేరీజు వేసుకుంటారు, చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో మరుసటి ఏడాదిని ఎలా కుదుర్చుకుంటారు అన్న సంగతి వాటిలో అరుదుగా కనిపిస్తుంది. ఒకే జీతం మీద నడిచే ఇంట్లో ఇద్దరు పిల్లలకు చదువు చెబుతున్న తల్లిగా ఆ మిగిలిన భాగం గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఏడాది ముగియగానే చాలామంది కొత్త పాఠ్యసామగ్రి జాబితాలు ముందేసుకుని కూర్చుంటారు. నా లెక్కలో అది చిట్టచివర చేయవలసిన పని. ముందుగా తీయవలసినవి పిల్లలు రాసి పక్కన పడేసిన నోటుపుస్తకాలు. ఏ వర్క్‌బుక్ ఎంతవరకు నిండింది, ఎక్కడినుంచి తెల్లగా మిగిలింది, ఏ తప్పు మొదటి నెలలో ఉండి చివరి నెలలోనూ ఉంది అన్నవి వాటిలో తప్ప మరెక్కడా దొరకవు. మా పెద్దవాడి లెక్కల పుస్తకంలో 1/2 + 1/3 = 2/5 అన్న జవాబు ఏడాది పొడవునా అక్కడక్కడా కనిపించింది. పై అంకెలను పై అంకెలతో, కింది అంకెలను కింది అంకెలతో కూడేస్తున్నాడన్నమాట. సగానికి ఇంకొంత కలిపితే సగంకంటే తక్కువ ఎలా వచ్చిందన్న అనుమానమే వాడికి కలగలేదంటే, భిన్నం ఎంత ఉంటుందో ఇంకా కంటికి ఆనలేదని అర్థం. ఇలాంటప్పుడు మరో అభ్యాస పుస్తకం కొనాలనిపిస్తుంది. కానీ ఒక కాగితపు పట్టీని ఆరు సమాన గడులుగా మడిచి, సగానికి మూడు గడులు, మూడో వంతుకు రెండు గడులు రంగు వేయిస్తే, ఐదు నిండి ఒకటి ఖాళీగా మిగిలింది. 5/6 అని వాడే చెప్పాడు. వచ్చే ఏడాది లెక్కలు ఈ పట్టీలతోనే మొదలవుతాయి. ఆ తర్వాత అభ్యాసానికి పాత వర్క్‌బుక్‌లో తెల్లగా మిగిలిన పేజీలు సరిపోతాయి.

ఇంటి చదువులో వృథా ఖర్చు చాలావరకు పెద్దల భయంలోంచి పుడుతుందని నా గట్టి నమ్మకం. బడికి వెళ్లే పిల్లలు ఎంత ముందుకు వెళ్లిపోయారోనన్న బెంగతో, ఫలానా సెట్ కొనేస్తే ఇక దిగులుండదన్న ధీమా కోసం డబ్బు పెడతాం. ఏడాదికి సరిపడా ఒకేసారి తీసుకుంటే చవక అంటారు. అది పిల్లలు చివరిదాకా చదివితేనే నిజం. అందుకే మొదటి మూడు నెలలకు కావలసినవే కొని, మిగిలిన మొత్తాన్ని కదపకుండా ఉంచడం మేలు.

ఉచితంగా దొరికేవాటికి ఈ రోజుల్లో లోటు లేదు. కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్‌లో 2002లో మొదలైన ఫెట్ ప్రాజెక్టు తయారుచేసిన సిమ్యులేషన్లలో, అంటే కంప్యూటర్ తెరమీది నమూనా ప్రయోగాల్లో, పిల్లలు బ్యాటరీ, బల్బు, తీగలు కలిపి విద్యుత్ వలయం కట్టుకోవచ్చు. తప్పుగా కలిపినా కాలిపోయేదేమీ ఉండదు. రేఖాగణితానికి జియోజీబ్రా అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగుతో సహా అనేక భాషల్లో కథలను చదివే స్థాయినిబట్టి ఎంచుకోవచ్చు. అయితే ఉచితమని కనిపించినదల్లా దింపుకుంటూ పోతే అదీ ఒక భారమే. (దింపుకున్న వర్క్‌షీట్లన్నీ ముద్రిస్తే ఆ సిరా ఖర్చుతో ఒక మంచి పుస్తకమే కొనుక్కోవచ్చు.) ఒక విషయానికి ఒక ఆధారం చాలు.

అన్నిటికంటే పైసా ఖర్చు లేనిది పునశ్చరణ. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తనమీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించిన ఫలితాల్లో, నేర్చుకున్నది మొదట్లో చాలా వేగంగా, తర్వాత నెమ్మదిగా మరుపున పడుతుందని చూపించాడు. చెప్పిన పాఠాన్ని మర్నాడు, వారం తర్వాత, నెల తర్వాత పుస్తకం మూసి అడగడానికి ఏ చందా అక్కర్లేదు. వచ్చే ఏడాది మా ఇంట్లో శుక్రవారాలకు కొత్త పాఠం పెట్టడం లేదు. ఆ రోజంతా పాతవే. చరిత్ర, సైన్సు ఇద్దరికీ కలిపి ఒకే పుస్తకంతో చెప్పి, రాత పని మాత్రం వయసునుబట్టి ఇస్తాను. లెక్కలు, భాష విడివిడిగా తప్పవు. అభ్యాసాల జవాబులు విడి నోటుపుస్తకంలో రాయిస్తే అదే పుస్తకం రేపు చిన్నదానికి పనికొస్తుంది.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలి? తల్లిదండ్రుల చేతకానితనం ఎక్కడ మొదలవుతుందో అక్కడ. నాకు సంగీతం రాదు, పై తరగతుల రసాయనశాస్త్రమూ రాదు. మూలన పడి ఉండే కిట్లకంటే వాటిని నేర్పే మనిషికి ఇచ్చే రుసుము న్యాయమైన ఖర్చు. పిల్లలు పెద్దయ్యేకొద్దీ పరీక్ష రుసుములు, ప్రయోగశాల అవసరాలు ఎదురొస్తాయి. నియమాలు దేశాన్నిబట్టి మారతాయి కాబట్టి గడువులను ముందుగానే విచారించుకుని, ఆ మొత్తాన్ని ఏడాది మొదట్లోనే పక్కన పెట్టాలి. వాడకపోయినా తమంతట తాము పునరుద్ధరణ అయ్యే చందాలను రద్దు చేస్తే అందులో కొంత అక్కడే దొరుకుతుంది. ఇంట్లో చదువు చెప్పడంకోసం ఒకరు వదులుకున్న సంపాదన కూడా ఖర్చే. దాన్ని లెక్కలో రాయకుండా ఇంటి చదువు చవక అనడం నాకు సమ్మతం కాదు.

ఇకమీదట ఇలాంటి కుటుంబాల గురించి మీ పత్రికలో వ్యాసాలు వేసేటప్పుడు, వారు ఏడాదికి దేనిమీద ఎంత వెచ్చించారు, కొన్నవాటిలో ఏవి మధ్యలోనే ఆగిపోయాయి, మరుసటి ఏడాది ఏవి మానుకుంటున్నారు అన్న ప్రశ్నలు కూడా అడిగించవలసిందిగా కోరుతున్నాను. ఈ దారిలోకి కొత్తగా రావాలనుకునేవారు డబ్బు పెట్టకముందే తెలుసుకోవలసినవి అవే.

భవదీయ,
ఒక పాఠకురాలు