నువ్వు చూసింది నువ్వే రాయి

చి. సౌ. చిట్టికి,

అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాము. మీ నాన్నగారి మోకాళ్ల సంగతి ఎప్పటిదే. ఇన్నాళ్లుగా నీ దగ్గరనుంచి ఫోను రాకపోవడానికి పని ఒత్తిడే కారణమనుకుంటున్నాను. చిన్నత్తయ్య మాత్రం, నువ్వూ తమ్ముడూ నా గురించి ఏవో మంతనాలు సాగిస్తున్నారని చెప్పింది. ఆవిడ మాటల్లో సగం తీసివేసి వినాలని మనకు తెలియనిది కాదు కనుక నేను పట్టించుకోలేదు. నిద్ర సరిగా పోతున్నావా? అర్ధరాత్రి దాకా లాప్‌టాప్ ముందు కూర్చోవడం మానావా?

మీ మంతనాలు నా మతిమరుపు గురించే అయితే, మీకంటే ముందే నేను డాక్టరుగారి దగ్గరికి వెళ్లివచ్చానని తెలుసుకోండి. పేర్లు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోవడం వయసు పైబడినవారందరికీ ఉండేదే. అది నన్ను కలవరపెట్టలేదు. మునుపు మనసులోనే నిలిచే పనులు ఇప్పుడు కాగితం మీద పెట్టనిదే నిలవకపోవడం, చదువుతున్న పేజీలో మళ్లీ పైకి వెళ్లవలసి రావడం, ఎవరికీ కనబడని ఈ తేడా నాకు మాత్రం తెలియడం, ఇవీ నన్ను అక్కడికి నడిపించినవి.

అక్కడ జరిగిన పరీక్ష సంగతి నీకు చెప్పితీరాలి. పదకొండు గంటల పది నిమిషాలు చూపే గడియారం బొమ్మ గీయమన్నారు. వృత్తం గుండ్రంగా రాలేదని నేను చెరిపి మళ్లీ గీయబోతే, అందానికి మార్కులు లేవమ్మా అన్నారు. తరువాత 100 నుంచి ఏడేసి చొప్పున తీసివేస్తూ పొమ్మన్నారు. 93, 86, 79, 72, 65 వరకు చెబితే చాలునట. జీవితమంతా లెక్కలు చెప్పిన నోరు అక్కడ ఆగుతుందా? పరీక్ష పెడుతున్న అమ్మాయి చేయి ఎత్తి వారిస్తున్నా వినక, 2 దాకా వచ్చి, ఇక పోదని చెప్పి ఆగాను. అంత ఘనంగా తీసివేతలు చేసినదానికి, మొదట్లో చెప్పిన ఐదు మాటలు చివర అడిగితే నాలుగే వచ్చాయి. ఐదోది ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుండగా తట్టింది. మీ నాన్నగారితో చెబితే ‘ఏమిటీ?’ అన్నారు; మళ్లీ చెప్పినా ‘ఏమిటీ?’ అనే అన్నారు. వినబడని మాటను నేను చెప్పనేలేదని వాదించే ఆ మనిషిని ఎవరూ పరీక్షకు పంపరు!

ఆ పరీక్షలో 30కి 26 గాని, ఆపైన గాని వస్తే మామూలేనని లెక్క. నాకు 26 దాటాయి. తమ్ముడు వింటే ఇక భయం లేదంటాడు. కాని ఆ మార్కులు నన్ను నా ఈడువారితో పోలుస్తాయే తప్ప, పదేళ్ల కిందటి నాతో పోల్చవు. పైగా, బాగా చదువుకున్నవారికి మొదట్లో జరిగే నష్టం అటువంటి పరీక్షల్లో బయటపడకపోవచ్చునట. తన జ్ఞాపకం తగ్గిందని మనిషికి తనకే తెలుస్తూ, పరీక్షలు మాత్రం బాగుండే ఈ స్థితిని ఎలా నిర్వచించాలో 2014లో పరిశోధకులు ఒక ఉమ్మడి పద్ధతి కూడా రాసిపెట్టారు. ఈ స్థితిలో ఉన్నవారిలో ఎక్కువమందికి డిమెన్షియా, అంటే రోజువారీ పనులు కూడా చేసుకోలేనంతగా మతి క్షీణించే జబ్బు, రాదు; అయితే ఏ ఫిర్యాదూ లేనివారితో పోలిస్తే వచ్చే అవకాశం కొంత ఎక్కువే. నేను ఈ రెండు వాక్యాలనూ కలిపే చదువుకున్నాను. మీరు మొదటిదే చదివి నన్ను ఓదార్చవద్దు, రెండోదే చదివి నా బ్యాంకు పుస్తకాలు అడగవద్దు.

డాక్టరుగారు విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు రాశారు. అవి తగ్గినా మతి మందగిస్తుంది. దిగులు, నిద్రలేమి కూడా అదే పని చేస్తాయి. నేను రాత్రిళ్లు వేసుకునే పాత ఎలర్జీ మాత్రను మాన్పించారు, ఆ జాతి మందులు పెద్దవారి బుర్రను మసకబారుస్తాయట. చెవుల పరీక్ష మా ఇద్దరికీ చేయించమన్నారు. మీ నాన్నగారు ఇంకా ఒప్పుకోలేదు. నీ మాటైతే వింటారు, అది నీ వంతు.

నీకు ఉపన్యాసం ఇవ్వకూడదనే కూర్చున్నాను, అయినా నలభై దాటినదానివి కనుక ఒక్క మాట. డిమెన్షియా మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 14 కారణాలను సరిదిద్దగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యం కావచ్చు. వాటిలో రక్తపోటు, చెడు కొలెస్ట్రాల్, వినికిడి లోపం వంటివి నీ వయసులోనే చూసుకోవలసినవి. బీపీ ఎప్పుడు చూపించుకున్నావు? చెవుల్లో ఆ ఇయర్‌ఫోన్లు అంత గట్టిగా పెట్టుకోకు. నడవడానికి తీరిక లేదని చెప్పకు, చిన్నప్పుడు హోంవర్కుకూ అదే చెప్పేదానివి.

ఇక నేను అసలు అడగదలచుకున్నది. దగ్గరివారు ఏమి గమనించారో తెలుసుకురమ్మని డాక్టరుగారు నన్ను పంపారు, ఎందుకంటే జబ్బు నిజంగా ముదిరేటప్పుడు ఆ మనిషికి తెలియడం తగ్గి, ఇంట్లోవాళ్లకు తెలియడం ఎక్కువవుతుంది. ఒకే ఫోనులో ఒకే సంగతి రెండుసార్లు అడిగానా? చెబుతున్న కథ మధ్యలో దారి తప్పానా? మనం అనుకున్న తేదీ ఏదైనా అసలు అనుకోనట్టే మాట్లాడానా? ఇవన్నీ ఎప్పటినుంచి? నీకు తోచినది నువ్వు రాయి, తమ్ముడి చేత విడిగా రాయించు, ఇద్దరూ సంప్రదించుకుని నాకు నొప్పి కలగని జవాబు తయారుచేయకండి. మళ్లీ డాక్టరుగారి దగ్గరికి వెళ్లేలోగా అందేలా పంపు. చిన్నత్తయ్యకు మాత్రం చూపించకు.

అల్లుడుగారికి, పిల్లలకు ఆశీస్సులు.

అమ్మ