వంద దాకా రాయడం కంటే ముందు: ఎల్‌కేజీ, యూకేజీ తల్లిదండ్రులకు జనవరి లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులకు ముందు వస్తున్న ఈ సంచికలో ఒక్క విషయమే రాస్తున్నాను. మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో మీలో చాలామంది అడిగిందే. "మేడమ్, పక్కింటి బాబు ఎల్‌కేజీలోనే వంద దాకా రాసేస్తున్నాడు. మా పాప నోట్‌బుక్‌లో ఇంకా ఇరవై దాటలేదు. వెనకబడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది." మీరు అడగడం న్యాయమే. నోట్‌బుక్‌లో కనిపించని చదువు ఎక్కడ జరుగుతోందో మీకు చెప్పాల్సిన బాధ్యత నాది.

ఈ మధ్య ఎల్‌కేజీ క్లాసులో కాసేపు కూర్చున్నాను. ఒక బాబు ఒకటి నుంచి యాభై దాకా గడగడా అప్పజెప్పాడు. టీచర్ చింతగింజల గిన్నె ముందు పెట్టి, "నాకు ఆరు ఇవ్వు నాన్నా" అంది. గుప్పిట నిండా తీసి ఆవిడ చేతిలో పోసేశాడు. "లెక్కపెడదామా?" అంటే ఒక్కో గింజనీ వేలితో తాకుతూ మొదలుపెట్టాడు కానీ, వేలికంటే నోరు ముందు పరిగెత్తింది. తొమ్మిది గింజలు పన్నెండయ్యాయి. "అయితే ఎన్ని ఉన్నాయి?" అని అడిగితే జవాబు చెప్పకుండా మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

ఆ బాబు చురుకైన పిల్లవాడే. అంకెల పేర్లు వరసగా చెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు. రోషెల్ గెల్‌మన్, గాలిస్టెల్ అనే పరిశోధకులు 1978లోనే దీన్ని విడమరిచి చెప్పారు. పేర్ల వరస మారకూడదు. ఒక వస్తువుకు ఒక్క పేరే చెప్పాలి. చివర చెప్పిన అంకే మొత్తం. ఏ వైపు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. గింజలైనా చప్పట్లైనా లెక్క ఒకటే. పిల్లలకి వీటిలో పేర్ల వరస పాటలాగా తొందరగా వచ్చేస్తుంది. చివరి అంకే మొత్తం అన్న సంగతి మాత్రం నెమ్మదిగా కుదురుతుంది. ముందు ఒకటి అంటే ఎంతో తెలుస్తుంది, కొన్ని నెలలకి రెండు, ఆ తర్వాత మూడు. ఈ దశలో ఉన్న బిడ్డ చేత వంద దాకా రాయిస్తే చెయ్యి నొప్పి పుడుతుందే తప్ప సంఖ్య అర్థం కాదు. ఈ విషయంలో నేను చాలా గట్టిగా ఉన్నాను.

అందుకే మా క్లాసుల్లో ముందు వస్తువు చేతికి వస్తుంది, తర్వాత దాని గురించి మాట, ఆ తర్వాత బొమ్మ, అన్నిటికంటే చివర అంకె. 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఈ క్రమాన్నే చెబుతోంది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి పాఠ్యపుస్తకాలు పెట్టొద్దని కూడా అందులో ఉంది. పొద్దున హాజరు అవగానే ఇవాళ ఎంతమంది రాలేదో పిల్లలే చెబుతారు. స్నాక్స్ టైమ్‌లో ఒక్కొక్కరి ముందు ఒక్కో ప్లేటు పెట్టి, రెండు తక్కువయ్యాయని వాళ్ళే వచ్చి అడుగుతారు.

యూకేజీలో ఒక అట్ట ఉంటుంది, రెండు వరసలు, వరసకు అయిదు గళ్ళు. అందులో ఏడు గింజలు పెడితే పై వరస నిండి, కింద రెండు మిగులుతాయి. కొన్నాళ్ళకి పిల్లలు లెక్కపెట్టడం మానేసి, చూడగానే "ఏడు" అంటారు. "పది కావాలంటే?" అంటే ఖాళీ గళ్ళు చూసి "ఇంకా మూడు" అంటారు. ఎనిమిదికి అయిదు కలపాల్సి వచ్చినప్పుడు, రెండు ఇటు తెచ్చి పది చేసి, మిగిలిన మూడు కలుపుకోవడం వీళ్ళకి సులువవుతుంది. వేళ్ళ మీద మొదటి నుంచి లెక్కపెట్టే అవసరం అలా తగ్గుతుంది.

మీ పాప ఇరవై తొమ్మిది తర్వాత "ఇరవై పది" అంటే దయచేసి కోప్పడకండి. ఇరవై ఒకటి, ఇరవై రెండు అన్న వరసలోని పద్ధతిని పట్టుకుంది కాబట్టే అలా అంది. "దాన్ని ముప్పై అంటాం తల్లీ" అంటే చాలు. 3ని తిప్పి రాయడం కూడా ఈ వయసులో మామూలే. ఇంట్లో తెలుగులోనే లెక్కపెట్టించండి. ఆరు అంటే ఎంతో తెలిసిన బిడ్డకి సిక్స్ అన్నది ఇంకో పేరు మాత్రమే.

సెలవులకి రాత హోంవర్క్ ఏమీ ఇవ్వడం లేదు. పండగలోనే బోలెడు లెక్క ఉంది. ఏడు చుక్కల నుంచి నాలుగు దాకా సందు చుక్క ముగ్గు వేసేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మధ్య వరసలో ఏడు, దానికి పైనా కిందా రెండు వైపులా ఆరు, అయిదు, నాలుగు. "ఈ వరసలో ఎన్ని పెట్టాలి?" అని అడిగి ఆగండి. ఒక్కోటి తగ్గుతూ వస్తోందని వాళ్ళంతట వాళ్ళు కనిపెట్టే దాకా మీరు చెప్పకండి. యూకేజీ పిల్లలైతే ముగ్గు మొత్తం లెక్కపెట్టొచ్చు, ముప్పై ఏడు చుక్కలు వస్తాయి. అమ్మమ్మా తాతయ్యల ఇంట్లో గవ్వలుంటే అష్టాచెమ్మా ఆడించండి. వెల్లకిలా పడ్డ గవ్వలు ఎన్నో చూపుతోనే పట్టుకోవడం, పావును అన్ని గళ్ళే జరపడం, రెండూ మేం క్లాసులో చేయించే పనులే. వామనగుంటలు ఉంటే మరీ మంచిది, గుంటకో గింజ వేస్తూ పోవడమే ఒక వస్తువుకు ఒక్క పేరు నేర్పుతుంది. తప్పు చేస్తే వెంటనే దిద్దకండి. "ఇంకోసారి చూద్దామా?" అంటే చాలాసార్లు వాళ్ళే సరిచేసుకుంటారు.

చింతగింజలు, గవ్వలు చిన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ నోట్లో, ముక్కులో పెట్టుకునే ప్రమాదం ఉంది. ఆట అయ్యే దాకా పెద్దవాళ్ళు పక్కనే ఉండండి, అవ్వగానే డబ్బాలో వేసి పైన పెట్టేయండి. సెలవుల తర్వాత బడికి వచ్చేటప్పుడు ఒక గుప్పెడు చింతగింజలు కడిగి ఆరబెట్టి పంపితే క్లాసుకి పనికొస్తాయి.

మీ ఇంట్లో అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు