కాయిల్ గన్ బొమ్మ కాదు

సంపాదకులకు నమస్కారం.

మందుగుండు బదులు కరెంటు, అయస్కాంత శక్తితో గుండును విసిరే విద్యుదయస్కాంత తుపాకులొస్తే మామూలు తుపాకులకు కాలం చెల్లినట్టేనని మా విజయవాడ ఇంజినీరింగ్ పిల్లలు గట్టిగా నమ్ముతున్నారు. అంత తొందరేం లేదు. 2021లో అమెరికాలో అమ్మకానికొచ్చిన జీఆర్-1 గాస్ రైఫిల్ (తీగచుట్టల అయస్కాంత శక్తితో పనిచేసే కాయిల్ గన్) గుండు వేగం సెకనుకు సుమారు 75 మీటర్లే. ఏకే-47ది 700 దాటుతుంది. అదే ఏడాది అమెరికా నౌకాదళం, రెండు లోహపు పట్టాల గుండా కరెంటు పంపి గుండును విసిరే రైల్‌గన్ పనిని ఆపేసింది. జపాన్ మాత్రం 2023లో ఓడ మీంచి పేల్చి చూసింది.

నా భయం వేరే. ప్రాజెక్టుల పేరుతో పిల్లలు కెమెరా ఫ్లాష్‌లో కరెంటును నిల్వ ఉంచే కెపాసిటర్లతో ఇంట్లోనే కాయిల్ గన్ తయారు చేస్తున్నారు. బ్యాటరీ తీసేసినా వాటిలో 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు, చెయ్యి తగిలితే ప్రాణం మీదికొస్తుంది. పైగా 1959 ఆయుధాల చట్టం ప్రకారం మందుగుండుతోనే కాదు, మరే శక్తితో గుండు పేల్చేదైనా తుపాకీయే. ప్రాజెక్టుకు ఒప్పుకునే ముందే కాలేజీలు ఈ రెండూ చెప్పాలి. ల్యాబులో, లెక్చరర్ పక్కనుండగానే చేయించాలి.

— ఒక ఫిజిక్స్ లెక్చరర్, మొగల్రాజపురం, విజయవాడ