హెడ్మాస్టర్ కాబోయేవారికి శిక్షణ: విద్యాశాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నిన్నటిదాకా లెక్కలు చెప్పిన టీచరమ్మకు తాళాల గుత్తి, క్యాష్ బుక్కు అప్పగించినంత మాత్రాన ఆవిడ హెడ్మిస్ట్రెస్ అయిపోదు. బడిలో పిల్లల చదువును ప్రభావితం చేసేవాటిలో బోధన తర్వాతి స్థానం నాయకత్వానిదేనని విద్యా పరిశోధకుడు కెన్నెత్ లీత్‌వుడ్ బృందం 2004లోనే చెప్పింది.

అందుకే పీజీ కోర్సు పెట్టండి. కానీ సిలబస్ నిండా సిద్ధాంతాలే వద్దు (అవి ఇప్పటికే చదివేశాం). ఒక టర్మ్ అయినా చెయ్యి తిరిగిన హెడ్మాస్టర్ పక్కన పని చేయించండి. సాటి టీచర్ పాఠం వెనక బెంచీలో కూర్చుని విని, బయటికొచ్చాక "చివరి వరుస పిల్లల్ని మీరు ఒక్క ప్రశ్నా అడగలేదండీ" అని నొప్పించకుండా చెప్పడం పుస్తకాల్లో దొరకదు. ఇద్దరు సెలవు పెట్టిన పూట టైంటేబుల్ సర్దడమూ అంతే.

చదివే ఏడాది పీరియడ్లు తగ్గించండి. లేకపోతే చేరేదెవరు? ఫీజు కూడా శాఖే కట్టాలి.

ఇట్లు,
ఒక సీనియర్ ఉపాధ్యాయుడు