ఉదయం రెండు పీరియడ్లు పాఠానికే వదలండి

మండల విద్యాధికారి గారికి నమస్కారం.

మా పాప మన మండలంలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి చదువుతోంది. ముందుగా మంచి మాట. దసరా సెలవుల లోపే ఈ పిల్లలు గుణింతాలు దాటి ఒత్తుల్లోకి వచ్చారు. జూన్‌లో బస్సు మీది ‘పల్లెవెలుగు’ను ‘పలెవెలుగు’ అని చదివిన పిల్ల, ఇప్పుడు ఒత్తు మీద వేలు పెట్టి, ఒక క్షణం ఆగి, ‘పల్లె’ అని నొక్కి పలుకుతోంది. ప్రార్థన కాగానే వేమన పద్యం. తర్వాత ఒకరు చదువుతుంటే పక్కవారు తప్పు పట్టుకోవడం. పుల్లలను పదేసి కట్టలు కట్టి కూడికలు. ఇదంతా టీచరు గారు ఓపికగా అలవాటు చేసిన పద్ధతి.

చిక్కేమిటంటే, ఆ పద్ధతి చాలా రోజులు సాగడం లేదు. హాజరు, ఫొటోలు, అడిగిన వివరాలు అన్నీ ఉదయమే యాప్‌లో ఎక్కించాలి. సర్వర్ మొరాయిస్తే పద్యమూ లేదు, పుల్లలూ లేవు. పైగా అదే గదిలో మూడో తరగతి!

2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప ఇతర బోధనేతర పనులకు టీచర్లను వాడవద్దంటోంది. యాప్ పని దాని కిందికి రాదని మీరనవచ్చు. వాదించను. హాజరు, భోజనం లెక్క తప్ప మొదటి రెండు పీరియడ్లలో మరే వివరమూ అడగకుండా ఒక సర్క్యులర్ ఇవ్వండి. మిగతావి బడి విడిచేలోపు పంపినా మీ పని ఆగదు కదా.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి