మంత్రి గారూ, మా పిల్లాడి తీసివేతలు ఒకసారి చూడండి

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

ప్రకాశం జిల్లా కొండపి వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్న సెకండరీ గ్రేడ్ టీచర్‌ని (ఎస్జీటీ). నమస్కారం.

మా నాలుగో తరగతి పిల్లాడు 52లోంచి 38 తీసేస్తే 26 అని వేశాడు. 41లోంచి 17 పోతే 36 అట. రెండూ తప్పే. కానీ కాస్త నిదానంగా చూస్తే, పైనున్నదా కిందున్నదా అని లేకుండా ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నాడు. నోటికొచ్చింది రాయలేదు, తనదంటూ ఒక రూలు పెట్టుకుని తు.చ. తప్పకుండా పాటించాడు. 1978లోనే బ్రౌన్, బర్టన్ అనే అమెరికా పరిశోధకులు పిల్లల తీసివేతల్లో ఇలాంటి రూళ్లను పట్టి చూపించారు. ఇంటూ కొట్టి 'ఇంకో పది చెయ్యి' అంటే ఆ రూలే గట్టిపడుతుంది. పుల్లల కట్ట విప్పి, పదిని ఒకట్లుగా చేసి చూపిస్తే దారిలో పడే అవకాశం ఉంది.

మాకు కావలసిన సైకాలజీ ఇదీ సార్. టీచర్ల అర్హత పరీక్ష టెట్ పేపర్-1లో 150 మార్కులకు 30 శిశు వికాసం, పెడగాజీ (బోధనా శాస్త్రం) మార్కులే. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో మనస్తత్వవేత్త పియాజే చెప్పిన దశలు, మరో మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ సిద్ధాంతం అన్నీ బిట్లుగా బట్టీ పట్టి వచ్చినవాళ్లమే. పిల్లాడు ఒక్కడే చేయలేనిది, కాస్త ఆసరా ఇస్తే చేయగలిగేది ఏదో కనిపెట్టమన్నాడు వైగాట్‌స్కీ. ముప్పై మంది ఉన్న క్లాసులో ఆ ఆసరా ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎప్పుడు మానాలి? ఏ బిట్ బ్యాంకులోనూ లేదు. ఉద్యోగం రాగానే ఆ పుస్తకాలు అటకెక్కాయి.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టొద్దంది, మానసికంగా వేధించొద్దంది. బెత్తం చాలావరకు పోయింది గానీ, 'మొద్దు' అనే మాట పోలేదు. పొగాకు రెలుపులప్పుడు (ఆకు కోసే రోజుల్లో) అమ్మానాన్నల వెంట పోయి కొన్నాళ్లు బడికి రాని పిల్లకూ అదే పేరు.

జాతీయ విద్యా విధానం 2020 టీచర్లకు ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంది. గంటలు నింపడానికేం, వీడియో ఆడించి, క్విజ్ కొట్టి, సర్టిఫికెట్ దింపుకుంటే సరి. అందులో కొన్ని గంటలు చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే క్లస్టర్ సమావేశాలకు మళ్లించండి. ప్రతి టీచరూ పేరు కనిపించకుండా ఒక పిల్లాడి నోట్‌బుక్ తేవాలి. తప్పు దిద్దే ముందు, అది ఎలా పుట్టిందో అందరం కూర్చుని వెతుకుతాం. మైనంపాడు డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకులు కూడా అప్పుడప్పుడు మా బడులకొచ్చి వెనక బెంచీలో కూర్చుంటే బాగుంటుంది.

దీనికి కొత్త యాప్ అక్కర్లేదు. ఆ గంటకు ఫొటో అప్‌లోడ్ మాత్రం పెట్టకండి, మీకు దండం.

ఇట్లు,
ఒక ఎస్జీటీ, ప్రకాశం జిల్లా