వానలు మొదలయ్యాయి, తుపాకులు ఒకసారి బయటకు తీయండి
గ్రూపులోని మాజీ సైనిక సోదరులందరికీ జై హింద్.

బ్యాంకుల దగ్గర, క్యాష్ బండ్ల మీద డబుల్ బ్యారెల్‌తో డ్యూటీ చేసేవాళ్లం మనలో చాలామందే ఉన్నాం. కళింగపట్నం, బారువ వైపు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. ఆ ఉప్పుగాలికి ఇనుము ఆగదు.

2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు నా గన్ వారం రోజులు తోలు కవర్లోనే ఉండిపోయింది. తీసి చూస్తే బ్యారెల్ మీద నా వేళ్లు పడినచోటల్లా ఎర్రటి తుప్పు. ప్రాణం ఉసూరుమంది. చెమటలోని ఉప్పు, తోలు పట్టి ఉంచిన తేమ కలిసి చేసిన పని అది. కవర్ మోయడానికే, దాచడానికి కాదు.

ముందు గన్ తెరిచి రెండు ఛాంబర్లూ (తూటా కూర్చునే చోట్లు) ఖాళీయేనని కళ్లతో చూడండి. సాల్వెంట్‌తో (మసిని కరిగించే ద్రవం) మసి పోయేదాకా బ్యారెల్ లోపల చిందీ (గుడ్డ పేలిక) లాగండి, పొడి చిందీతో తుడవండి, నూనె ఆ తర్వాతే. మసి మీద నూనె రాస్తే తేమ అడుగునే ఉండిపోతుంది. డబ్ల్యూడీ-40 స్ప్రే తడిని తరిమేస్తుంది గానీ నెలల తరబడి కాపాడదు. అది తుడిచేసి గన్ ఆయిల్ పలచగా పట్టించాలి. వంటనూనెలు అసలు వద్దు, జిగురు కట్టి దుమ్ము పడతాయి.

డ్యూటీకి తీసుకెళ్లే ముందు బ్యారెల్ లోపలి నూనె పూర్తిగా తుడవాలి. మిగిలిపోతే పేల్చినప్పుడు ప్రెజర్ ప్రమాదకరంగా పెరగొచ్చు. దయచేసి ఇది మరవకండి.

గుంటలు పడేంత తుప్పు ఉంటే గరుకు కాగితంతో రుద్దకుండా లైసెన్స్ ఉన్న ఆర్మరర్‌కే (తుపాకులు బాగుచేసేవాడు) చూపించండి. నా దగ్గర ఫ్లానెల్ గుడ్డ మిగిలి ఉంది, కావలసినవాళ్లు అడగండి.